నగరికి కరెంటు నడిచొచ్చిన దారి

సీమ దక్షిణపు అంచు కథలు – ఏడో భాగం

కార్వేటినగరం జమీను ఊళ్ల మీదుగా రైలు పట్టాలు పడిన కథ గత భాగంలో చెప్పుకున్నాం. అరక్కోణం దగ్గర చీలి, తిరుత్తణి, నగరి, పుత్తూరు దాటి రేణిగుంటకు, అక్కణ్నుంచి కడప దిక్కుకు సాగిన ఆ లైను 1871లో రాయచూరు చేరి, బొంబాయి నుంచి వచ్చిన లైనుతో కలిసింది. ఆ పట్టాల పక్కనే స్తంభాల మీద ఒక ఇనపతీగ కూడా సాగింది. దాని గురించి రాసినవాళ్లు తక్కువ. అది తంతి తీగ.

నగరికి మొదట వచ్చిన కరెంటు ఆ తీగలోదే. అది ఒక్క దీపం వెలిగించలేదు, ఒక్క చక్రం తిప్పలేదు. స్టేషను గదిలో బల్ల మీది చిన్న పరికరాన్ని కదిలించి, రైలు బయల్దేరిందో లేదో పక్క స్టేషనుకు చెప్పింది. ఈ నేత ఊరి మగ్గం షెడ్లలో మోటార్లు తిరగడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. తీగ అంత ముందే వచ్చినా వెలుగు ఎందుకంత ఆలస్యమైందన్నదే ఈ భాగంలో చెప్పదలచుకున్నది. దానికి జవాబు దొరికే చోటు పాలకుల దస్తరాల కన్నా ముందు తీగలోనే ఉంది.

ముందు ఆ తంతి తీగనే చూద్దాం. దానికి కరెంటు ఇచ్చేది స్టేషనులోని బ్యాటరీ వరస. డేనియల్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త 1836లో తయారుచేసిన ఘటానికి చిన్న మార్పు చేసిన మినోట్టో రకాన్ని మన దేశపు తంతి శాఖ విరివిగా వాడింది. జాడీ అడుగున రాగి పలక, దాని మీద మైలుతుత్తం, ఆపైన తడిపిన ఇసుకో రంపపు పొట్టో, అన్నిటికీ పైన తుత్తునాగం బిళ్ల. అద్దకం పని తెలిసిన నగరి మనిషికి మైలుతుత్తం కొత్త సరుకేమీ కాదు. ఆ జాడీలో తుత్తునాగం మెల్లగా కరుగుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది. అడుగున మైలుతుత్తంలోని రాగి వాటిని పుచ్చుకొని పలక మీద పేరుకుంటుంది. వదిలే చోటికీ పుచ్చుకునే చోటికీ మధ్య ఏర్పడే తోపుడే వోల్టేజీ. ఒక జాడీకి అది సుమారు 1.1 వోల్టు. ఇరవై జాడీలను ఒకదాని రాగికి మరొకదాని తుత్తునాగం కలుపుతూ పోతే ఇరవై రెండు వోల్టులు.

తోపుడు ఉన్నంత మాత్రాన ఏమీ పారదు. బయల్దేరిన కరెంటు బ్యాటరీ రెండో కొసకు తిరిగి చేరడానికి దారి ఉండాలి. ఆ దారి మొత్తాన్నీ కలిపి సర్క్యూట్ అంటాం, తెలుగు పాఠ్యపుస్తకాల్లో వలయం. ఎక్కడ తెగినా అంతా ఆగిపోతుంది. మరి రైలు పట్టాల పక్కన కనిపించేది ఒకే తీగ అయితే తిరుగు దారి ఏది?

నేల. తీగ ఒక కొసను అవతలి స్టేషనులో భూమిలో పాతిన లోహపు పలకకు కలిపారు, ఇవతల బ్యాటరీ రెండో కొసను ఇక్కడి పలకకు కలిపారు. మధ్యలో ఉన్న మట్టి, రాయి, వాన తేమ తిరుగు దారి అయ్యాయి. నేల ఇలా పనికొస్తుందని 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ గుర్తించాడు. మరుసటి ఏడే కలకత్తాలో ఓషానెస్సీ అనే ఐరిష్ వైద్యుడు తన సొంత ప్రయోగాలకు దిగాడు. అక్కడి వైద్య కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పే ఈయన, చెట్ల మధ్య మైళ్ల కొద్దీ తీగ లాగి, హుగ్లీ నది నీటినే వలయంలో ఒక భాగంగా వాడి సంకేతాలు పంపాడు. యూరపులో ఇలాంటి పనికి ప్రభుత్వాలు, కంపెనీలు డబ్బు పోస్తున్న రోజుల్లో ఆయన దొరికిన సామగ్రితో చేశాడు. పై అధికారులు పట్టించుకోవడానికి పన్నెండేళ్లు పట్టింది. 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా లైను పడింది. 1854 నాటికి తీగ మద్రాసు చేరింది. 1855 ఫిబ్రవరి నుంచి తంతి సేవ ప్రజలకు తెరుచుకుంది. ఈ దేశంలో విద్యుత్తు చరిత్ర రాసేవాళ్లు ఓషానెస్సీకి ఇంకా పెద్ద పీట వేయాలని నా అభిప్రాయం.

ఇక్కడొక పక్క మాట. నగరి పక్కనే వెంకటనరసింహరాజువారిపేట అనే స్టేషను ఉంది. దేశంలో అతి పొడవైన స్టేషను పేర్లలో ఒకటిగా అది పేరుపొందింది. ఇంగ్లీషులో రాస్తే ఇరవై ఎనిమిది అక్షరాలు. రైలు లెక్కల్లో దాని కోడు మాత్రం వీకేజెడ్, మూడే అక్షరాలు. చుక్కలూ గీతలుగా ఒక్కొక్క అక్షరాన్నీ చేత్తో కొట్టి పంపే పనిలో పొట్టి కోడు విలువ ఏమిటో ఈ పేరు చూస్తే తెలుస్తుంది.

తంతి తీగకు ఉన్న ఇంకో గుణం, మన ప్రశ్నకు నేరుగా సంబంధించినది, దాని అడ్డు. ఏ తీగైనా కరెంటును ఎంతో కొంత అడ్డుకుంటుంది. దానిని నిరోధం అంటాం, ఓముల్లో కొలుస్తాం. ఆ కొలత పేరు గియోర్గ్ ఓమ్ అనే జర్మన్ బడిపంతులుది. 1827లో ఆయన రాసిన పుస్తకంలోని సూత్రం చాలా చిన్నది. వోల్టులను ఓములతో భాగిస్తే పారే కరెంటు, అంటే ఆంపియర్లు వస్తాయి. చెరువులో నీటి ఎత్తు వోల్టేజీ అనుకుంటే, తూము ఇరుకు నిరోధం, పొలానికి చేరే నీరు కరెంటు. సొంత దేశంలో ఆయనను చాలాకాలం ఎవరూ లెక్కచేయలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాక పరిస్థితి మారింది.

ఈ సూత్రాన్ని మద్రాసు–నగరి దూరానికి పెట్టి చూద్దాం. రైలు దారిలో సుమారు వంద కిలోమీటర్లు. నాలుగు మిల్లీమీటర్ల ఇనపతీగకు కిలోమీటరుకు ఎనిమిది ఓముల చొప్పున ఎనిమిది వందలు. పరికరంలోని తీగచుట్టకు ఇంకో ఐదు వందలు అనుకుంటే మొత్తం పదమూడు వందల ఓములు. ఇరవై జాడీలు ఇచ్చే ఇరవై రెండు వోల్టులను దానితో భాగిస్తే ఆంపియరులో అరవయ్యో వంతు దగ్గర వస్తుంది, అంటే పదిహేడు మిల్లీ ఆంపియర్లు. మెత్తని ఇనుము చుట్టూ తిప్పిన తీగచుట్టను అయస్కాంతంగా మార్చి, చిన్న లోహపు రేకును లాగడానికి ఇది చాలు. కబురు పంపడానికి శక్తి పెద్దగా అక్కర్లేదు. అందుకే తంతి అంత దూరం, అంత ముందు రాగలిగింది.

దీపం సంగతి వేరు, మగ్గం సంగతి మరీ వేరు. వాటికి కావలసింది శక్తి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే వాట్లలో దాన్ని కొలుస్తారు. ఒక హార్స్‌పవరు మోటారు 746 వాట్ల పని చేస్తుంది. పన్నెండు పదమూడు అలాంటి మోటార్లున్న షెడ్డుకు సుమారు పది వేల వాట్లు కావాలి. ఆ షెడ్డుకు ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి కరెంటు తెచ్చే పని మీదే అనుకోండి. బాగా లావైన తీగే వేశారు, రాకపోకలకు కలిపి నిరోధం పది ఓములే. ఇంట్లో వాడే 230 వోల్టులతోనే పంపుదామంటే నలభై మూడు ఆంపియర్లు పారాలి. అంత కరెంటును పది ఓముల తీగలో తోయడానికే నాలుగు వందల ముప్పై వోల్టులు ఖర్చవుతాయి. మీ దగ్గర ఉన్నవి 230. అంటే ఆ పది వేల వాట్లు షెడ్డుకు చేరే దారే లేదు. పంపినదాంట్లో చాలా భాగం తీగను వేడెక్కించడానికే పోతుంది. ఆ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుందని, 1841లో జూల్ లెక్క తేల్చాడు.

అదే పది వేల వాట్లను 11,000 వోల్టులతో పంపి చూడండి. కరెంటు ఒక ఆంపియరుకు కాస్త తక్కువ. తీగలో పోయే వోల్టులు తొమ్మిది. తీగలో వేడిగా పోయే శక్తి ఎనిమిది వాట్లు. పది వేలలో ఎనిమిది!

నగరి వెలుగు కోసం అంతకాలం చూడవలసి రావడానికి మూలం ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడా. మద్రాసులో 1895లోనే విద్యుత్ ట్రాములు నడిచాయి. ఆ ట్రాముల కరెంటు ఒకే దిక్కుకు పారే రకం. తక్కువ వోల్టేజీలో ఆ వీధుల పరిధిలోనే తిరిగి ఆగిపోయేది. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న నగరిని చేరే శక్తి దానికి లేదు.

వోల్టేజీని పెంచి పంపాలి, ఊరు చేరాక తగ్గించాలి. ఆ పని చేసేది ట్రాన్స్‌ఫార్మరు. 1831లో ఫారడే కనుగొన్న సంగతి దాని పునాది. ఒక తీగచుట్టలో కరెంటు మారుతూ ఉంటే పక్క చుట్టలో వోల్టేజీ పుడుతుంది. రెండో చుట్టలో మెలికలు ఎన్ని రెట్లుంటే వోల్టేజీ అన్ని రెట్లు. ఇది జరగాలంటే కరెంటు మారుతూ ఉండాలి, ముందుకూ వెనక్కూ ఊగాలి. మన లైన్లలో అది సెకనుకు యాభై సార్లు ఊగుతుంది. బ్యాటరీ కరెంటు అలా ఊగదు. అందుకే ఊగే కరెంటు, ఏసీ, గెలిచింది. 1891లో జర్మనీలో నెక్కార్ నది ఒడ్డున లాఫెన్ నుంచి 175 కిలోమీటర్ల దూరంలోని ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనకు దాన్ని పంపి చూపించారు.

పదకొండేళ్లు తిరగకముందే ఆ విద్య మన పొరుగుకు వచ్చింది. మైసూరు దివాను శేషాద్రి అయ్యరు పట్టుదలతో మొదలైన శివసముద్రం కేంద్రం 1902 జూన్‌లో కోలారు బంగారు గనులకు కరెంటు పంపింది. దూరం సుమారు 147 కిలోమీటర్లు, వోల్టేజీ ముప్పై వేలకు పైనే. అప్పటికి ప్రపంచంలోని అతి పొడవైన లైన్లలో అదొకటి. ఆ గనుల్లో దిగి పనిచేసినవాళ్లలో ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు, తమిళులు చాలామంది. సొంత ఊళ్లో కిరసనాయిలు బుడ్డి వెలుగులో బతికిన మనిషి పరాయి రాజ్యపు పాతాళంలో కరెంటు దీపం చూశాడు. మన జిల్లా విద్యుత్ చరిత్ర అక్కడి నుంచి మొదలుపెట్టడమే న్యాయమనిపిస్తుంది నాకు.

ఆ తర్వాతి మెట్లు త్వరగా చెప్పుకోవచ్చు. మద్రాసు ప్రభుత్వం నీలగిరుల్లో పైకారా కేంద్రాన్ని 1932లో నడిపించింది. కావేరి మీద మేట్టూరు ఆనకట్ట 1934లో పూర్తయింది, 1937లో అక్కడ విద్యుత్తు పుట్టింది. ఆ లైన్లు వేలూరు దిక్కుకు సాగాయి, చిత్తూరు జిల్లా మేట్టూరు కరెంటు పరిధిలోకి వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడ్డా తీగలు మద్రాసు వైపునే ఉండిపోయాయి, కరెంటును అక్కడి నుంచి కొనుక్కోవలసి వచ్చింది. 1959 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. సరిగ్గా ఏడాది తర్వాత, 1960 ఏప్రిల్ 1న, రాష్ట్రాల సరిహద్దు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, నగరి మనకు మిగిలింది. ఆడికృత్తికకు కావడి మోసుకుంటూ నగరి జనం నడిచి వెళ్లే కొండ పరాయి రాష్ట్రమైంది. ఈ తీర్పు గురించి తర్వాతి భాగాల్లో వివరంగా రాస్తాను, అది రెండు పేరాల్లో తేలేది కాదు.

తక్కువ వోల్టేజీలో దూరం పంపితే తీగలోనే పోతుందన్న ఆ పాత లెక్క ఇప్పటికీ పనిచేస్తోంది. సీమ పొలాల్లో ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు నుంచి కిలోమీటర్ల కొద్దీ లోవోల్టేజీ తీగలు లాగి బోర్లకు ఇచ్చిన రోజుల్లో, లైను చివరి రైతు మోటారు కాలిపోయేది. గత రెండు దశాబ్దాల్లో 11,000 వోల్టుల తీగనే పొలం గట్టు దాకా తెచ్చి, రెండు మూడు బోర్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టే పద్ధతి వచ్చింది. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో స్తంభాల మీద కనిపించే ఆ చిన్న డబ్బాలు ఇవే.

ఇక మగ్గాలు. నగరి, ఏకాంబరకుప్పం, సత్రవాడ వీధుల్లో నడుస్తుంటే మరమగ్గాల చప్పుడు ఇంటింటా వినిపిస్తుంది. చేతిమగ్గం నుంచి మరమగ్గానికి ఈ ఊళ్లు మారాయి, పుత్తూరు, నారాయణవనం కూడా. చేతిమగ్గం మీద నాడెను విసిరేది నేతగాడి చెయ్యి. మరమగ్గంలో నిమిషానికి వంద సార్లకు మించి నాడెను ఆ కొస నుంచి ఈ కొసకు కొట్టేది మోటారు. పడుగు తెగినా, కండె అయిపోయినా గమనించి ఆపవలసిన కళ్లు మాత్రం మనిషివే.

ఆ మోటారుకు వచ్చే తీగలు మూడు. మూడు ఫేజులు. ఇక్కడ మళ్లీ మొదటి ప్రశ్న అడగాలి. తిరుగు దారి ఏది? ఇంటి దీపానికి వచ్చేవి రెండు తీగలు, ఒకటి ఫేజు, రెండోది న్యూట్రలు. వెళ్లినదంతా న్యూట్రలు మీద వెనక్కి వస్తుంది. మోటారుకు న్యూట్రలే అక్కర్లేదు. మూడు ఫేజుల ఊపులు ఒకదాని తర్వాత ఒకటిగా, మూడో వంతు చుట్టు ఎడంతో వస్తాయి. ఏ క్షణంలో చూసినా ఒకదాంట్లో వెళ్తున్న కరెంటు మిగతా రెండింటిలో తిరిగి వస్తూ ఉంటుంది. మూడింటినీ కూడితే సున్న. ఈ వరస ఊపులే మోటారు లోపల అయస్కాంత క్షేత్రాన్ని గిరగిరా తిప్పుతాయి, మధ్యలోని ఇనప దూలం దాని వెంట పరుగెడుతుంది. నిమిషానికి 1500 సార్లు తిరిగే క్షేత్రం వెనక 1440 సార్లు. ఆ వెనకబాటు ఉంటేనే బలం పుడుతుంది. 1888లో టెస్లా పేటెంటు తీసుకున్న ఊహ ఇది. దీన్ని మూడు ఫేజుల పద్ధతిగా తీర్చి, ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనకు సిద్ధంచేసినవాడు దొలివో-దొబ్రొవోల్స్కీ.

షెడ్లలో అందరూ భయపడే మాట “ఒక ఫేజు పోయింది”. స్తంభం దగ్గర ఒక ఫీజు కాలితే, తిరుగుతున్న మోటారు ఆగదు. మిగిలిన రెండు తీగల మీదే బరువంతా లాగుతుంది. వాటిలో కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, జూల్ లెక్క ప్రకారం వేడి మూడు రెట్లకు చేరుతుంది. నిలిచి ఉన్న మోటారైతే కదలక హుంకరిస్తూ మాడిపోతుంది. స్టార్టరులో దీన్ని కనిపెట్టి ఆపే ఏర్పాటు పెట్టించుకోని షెడ్డుకు మోటారు తిరగచుట్టించే ఖర్చు తప్పదు. కూలి మీద నేసే కుటుంబానికి ఆ కొన్ని రోజుల ఆదాయం కూడా పోతుంది.

అసలు ప్రమాదం మనిషికి. తంతికి ఉపకరించిన ఆ నేల దారి ఇక్కడ ప్రాణాల మీదికి వస్తుంది. వీధి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రలును భూమికి కలిపే ఉంచుతారు. అంటే నేల ఎప్పుడూ వలయంలో ఒక సగం. లోపల తీగ పొర చెడి ఫేజు మోటారు బాడీకి తగిలిందనుకోండి. నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఆ మగ్గం ఇనుమును ముట్టుకున్న మనిషి ఆ రెండు సగాలనూ కలిపే తీగ అవుతాడు. చెమటపట్టిన ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములకు పడిపోతుంది. 230 వోల్టులను దానితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి వంద కూడా ఎక్కువే.

దీనికి కాపు ఎర్తింగు. మోటారు బాడీ నుంచి లావు తీగ తీసి, బొగ్గూ ఉప్పూ వేసిన గుంతలోని కడ్డీకి కలుపుతారు. ఆ గుంత మంచిదో కాదో ఓమ్ లెక్కే చెబుతుంది. నేల దారి మొత్తం నిరోధం రెండు ఓములుంటే, బాడీకి ఫేజు తగిలిన క్షణాన 115 ఆంపియర్లు పారి ఫీజు టక్కున కాలుతుంది, ప్రమాదం తప్పుతుంది. వేసవిలో నగరి ఎర్రనేల ఎండి, ఆ నిరోధం ఇరవైకి పెరిగిందంటే పారేది పదకొండున్నర ఆంపియర్లే. పదిహేను ఆంపియర్ల ఫీజు చెక్కుచెదరదు, మగ్గం ఇనుము కరెంటుతో అలాగే ఉండిపోతుంది. వేసవిలో ఎర్తు గుంతలో నీళ్లు పోయమని పాత లైన్‌మన్లు చెప్పే మాటకు కారణం ఇదే. కొందరు ఫీజులో సన్న తీగ కాలిపోతోందని లావు రాగి తీగ చుడతారు. అలా చుట్టినప్పుడు రెండు ఓముల మంచి గుంత కూడా కాపాడలేకపోవచ్చు.

ఇప్పుడు మీటరు పక్కన బిగించే ట్రిప్ స్విచ్చులు వచ్చాయి, ముప్పై మిల్లీ ఆంపియర్ల రకం. అవి ఎర్తు గుంత తడి మీద ఆధారపడవు. షెడ్డులోకి వెళ్లే తీగలన్నిటినీ ఒకే ఇనప రింగు గుండా పంపి, వెళ్లిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమానమో కాదో చూస్తాయి. తిరిగి రావలసిన దాంట్లో ముప్పై మిల్లీ ఆంపియర్లు తగ్గితే, ఎవరి ఒంటి గుండానో నేలకు దిగిపోతున్నాయన్నట్టు లెక్క. సెకనులో చిన్న భాగం గడిచేలోపే లైను తెగుతుంది. ఒక షెడ్డుకు దాని ఖరీదు కాలిన మోటారును తిరగచుట్టించే ఖర్చుతో పోల్చదగినదే.

(వచ్చే భాగం: మీటరు, యూనిట్లు, మరమగ్గాల కరెంటు బిల్లు)